కళ్లు ఇచ్చేస్తే కర్మకాండ చెల్లుతుందా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

(అవయవదానం మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, ఊరి పేరు మాత్రం ఉంచి ఇస్తున్నాం.)

ప్రశ్న: మా అత్తగారు నేత్రదానానికి సంతకం పెట్టారండి. కళ్లు తీసేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతావని, పదో రోజు దాకా చేసే కార్యాలు చెల్లవని మా పెద్దాడపడుచు పట్టుబడుతున్నారు. ఆవిడ మాటలో నిజం ఉందా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: కార్యాలు చెల్లడం గురించి ముందు చెబుతాం. మీ ఆడపడుచు గారు నమ్మే గరుడపురాణమే ఇక్కడ మీ అత్తగారి పక్షాన ఉంది. ప్రేతకు దేహం కట్టేది కాటిలో కాలిన శరీరంతో కాదు, కొడుకు రోజూ పెట్టే పిండంతో అని అందులో ఉంది. మొదటి రోజు పిండంతో తల, రెండో రోజు మెడ, భుజాలు, మూడో రోజు గుండె, అలా కిందికి దిగుతూ తొమ్మిదో రోజుకి పాదాలు, పదో రోజుకి ఆకలి దప్పులు వస్తాయి. చితి మీద ఏ అవయవం ఉంది, ఏది లేదు అన్న లెక్క ఆ వరసలో ఎక్కడా రాదు. అసలు చితిలో కాలకుండా మిగిలే కళ్లు ఎవరికున్నాయి? ఆ లెక్కన అందరూ గుడ్డిగానే పుట్టాలి.

పురాణాల్లో ఈ ప్రసంగం రాగానే అందరూ శిబినీ, కన్నప్పనీ తలుచుకుంటారు. వాళ్లిద్దరూ బతికుండగా ఇచ్చినవాళ్లు. మీ అత్తగారికి సరిపోయే కథ దధీచిది. ఆయన ప్రాణం విడిచాక ఎముకలు తీసి వజ్రాయుధం చేశారు. ఆయనకి ఉత్తమగతి తప్పిందని ఎవరూ అనలేదు.

అయితే ఒక మాట దాచకూడదు. అంత్యేష్టి అంటే దేహాన్ని అగ్నికి ఇచ్చే చివరి ఆహుతి, అది పూర్తిగా ఇవ్వాలి అనే పండితులూ ఉన్నారు. మీ ఇంటి పురోహితుడు ఆ పక్షం వారేమో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. శవం వరండాలో ఉండగా ఆ చర్చ పెట్టుకుంటే గెలిచేది పెద్ద గొంతే.

ఇక తీసేది ఎంత? ఎక్కువ చోట్ల నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా మాత్రమే తీస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. లోపల ప్లాస్టిక్ తొడుగు పెట్టి రెప్పలు మూస్తారు. ముఖం మారదు, దర్శనానికి వచ్చినవాళ్లు పోల్చలేరు. ఎముకల జోలికి పోరు కాబట్టి సంచయనం, కోటిలింగాల రేవులోనో అంతర్వేదిలోనో కలపడం మామూలుగానే జరుగుతాయి.

ప్రశ్న: మాది గోదావరి గట్టు పక్క ఊరు. రాత్రిపూట ప్రాణం పోతే ఐ బ్యాంకు (నేత్రనిధి) వాళ్లు వచ్చేదాకా కళ్లు పాడవకుండా ఉంటాయా?
– సఖినేటిపల్లి

జవాబు: ఆరు గంటల్లోపు తీయాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. బంధువులందరికీ ఫోన్లు చేసి, ఏడుపులు తగ్గాక, ఎప్పుడో నాలుగో గంటలో ఐ బ్యాంకు గుర్తొస్తుంది. మొదటి రెండు మూడు ఫోన్లలోనే అది ఉండాలి. ఊరి పేరు ఒక్కటే చెబితే చాలదు. ఏటికి ఏ ఒడ్డున ఉన్నారో, నరసాపురం వైపు నుంచి వస్తే ఆ వేళకి పంటు ఉంటుందో లేదో, లేకపోతే చించినాడ వంతెన మీదుగా రమ్మనీ చెప్పండి. వరదల రోజుల్లో లంక గ్రామమైతే పడవ ఏ రేవు నుంచి అందుతుందో కూడా చెప్పాలి.

ఈలోపు ఇంట్లో పని: రెప్పలు పూర్తిగా మూయండి. పైన ఉన్న ఫ్యాను కట్టేయండి. మన ఉక్కకి ఇదే కష్టం, కానీ గాలి తగిలితే కార్నియా ఎండిపోతుంది, ఎండితే పనికిరాదు. ఏసీ ఉంటే వేసుకోవచ్చు. శుభ్రమైన దూదిని చల్లటి మంచినీళ్లలో తడిపి, పిండి, మూసిన రెప్పల మీద పెట్టి, ఆరినప్పుడల్లా మార్చండి. తల కింద దిండు పెట్టి అరడుగు ఎత్తు చేయండి, అలా చేస్తే తీసేటప్పుడు రక్తం కారడం తగ్గుతుంది. ఫ్రీజర్ బాక్సు తెప్పిస్తే తప్పు లేదు. పసుపు, కుంకుమ కళ్లలో పడకుండా చూడండి, స్నానం ఐ బ్యాంకు వాళ్లు వెళ్లాక చేయించండి.

వాళ్లు వచ్చేసరికి మరణాన్ని ధ్రువీకరించే డాక్టరు కాగితం, వారసుల్లో ఒకరి సంతకం, ఇద్దరు సాక్షులు సిద్ధంగా ఉండాలి. పరీక్షలకి కొంచెం రక్తం తీస్తారు, దానికి కంగారు పడొద్దు. మీ దగ్గరలోని ఐ బ్యాంకు నంబరు లయన్స్ క్లబ్ వాళ్ల దగ్గరో, ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలోనో ఇప్పుడే తీసుకుని గోడ మీద రాసుకోండి.

కళ్లజోడు, షుగరు, బీపీ, శుక్లం ఆపరేషను అడ్డు కావు. శుక్లానికి మార్చే లెన్సు కార్నియా వెనకాల ఉంటుంది. వయసు పట్టింపు లేదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్, రక్త క్యాన్సర్ ఉన్నవారివి తీసుకోరు.

ప్రశ్న: బ్రెయిన్ డెడ్ అంటారు గానీ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. అది ప్రాణం ఉన్నట్టు కాదా? అవయవాల కోసం డాక్టర్లు తొందరపడరని నమ్మకం ఏమిటి?
– అమలాపురం

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే అడిగాయి. మతం పేరు చెప్పి వద్దనేవాళ్లలో చాలామంది లోపలి భయం కూడా ఇదే.

గుండెకి సొంత కరెంటు ఉంటుంది, మెదడు ఆజ్ఞ లేకపోయినా కొంతకాలం కొట్టుకుంటుంది. ఊపిరికి అలా లేదు. ఊపిరి తీయమని చెప్పేది మెదడు కాండం. అది చచ్చిపోతే ఛాతీ లేచి పడేది వెంటిలేటర్ వల్లే. కోమా అలా కాదు. అందులో కాండం పని చేస్తూ ఉంటుంది, మనిషి తిరిగి లేచే అవకాశం ఉంటుంది.

తేల్చే పద్ధతి ఇది. మత్తుమందుల ప్రభావం, ఒళ్లు చల్లబడిపోవడం లాంటి కారణాలు లేవని ముందు రూఢి చేసుకుంటారు. కంట్లో టార్చి వేస్తే పాప ముడుచుకోకూడదు. దూదిపోచతో నల్లగుడ్డు తాకితే రెప్ప కదలకూడదు. చెవిలో ఐసు నీళ్లు పోస్తే కళ్లు పక్కకి తిరగకూడదు. గొంతులో గొట్టం కదిపితే దగ్గు రాకూడదు. చివరిది ఆప్నియా పరీక్ష: ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ విడదీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మి.మీ. (పాదరసం) దాటేదాకా చూస్తారు. బతికున్న మెదడు ఆ స్థితిలో ఊపిరి తీయకుండా ఉండలేదు. ఒక్క శ్వాస కదిలినా బ్రెయిన్ డెడ్ కాదు. ఇవన్నీ కనీసం ఆరు గంటల తేడాతో రెండోసారి చేసి, నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి. అవయవం మార్చే బృందంలోని వారు ఈ నలుగురిలో ఉండకూడదు. రెండు ఆప్నియా పరీక్షల రిపోర్టులూ చూపించమని అడగండి. ఆ మాట అడిగితే డాక్టరు నొచ్చుకుంటారని మొహమాటపడకండి.

ఇంట్లో పోయినవాళ్ల గుండె, కాలేయం, కిడ్నీలు పనికిరావు. రక్తం ఆగిన కాసేపటికే అవి పాడవుతాయి. అందుకే ఐసీయూలో వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచే ఎక్కువగా తీస్తారు, అంటే తలకి దెబ్బ తగిలినవాళ్లు, మెదడులో నరం చిట్లినవాళ్లు. రోడ్డు ప్రమాదమైతే పోలీసుల అనుమతి, పోస్టుమార్టం కూడా ఉంటాయి. జీవన్‌దాన్ (రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం) జాబితా ప్రకారం గ్రహీతలు తేలాలి. అన్నీ కలిపి ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు. చీకటి పడ్డాక శవాన్ని ఎత్తని ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి కాబట్టి అప్పగించే వేళ ఎంతో ఆసుపత్రిలో అవయవదానం పనులు చూసే సమన్వయకర్తని ముందే అడిగి, దూరపు బంధువులకి ఆ లెక్కన కబురు పెట్టండి. తీశాక మామూలు ఆపరేషనుకి వేసినట్టే కుట్లు వేస్తారు. మీరు ఒప్పుకున్నాక అవయవాలు కాపాడే ఖర్చు, తీసే ఖర్చు మీ మీద వేయకూడదు. వేస్తే జీవన్‌దాన్‌కి ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: పునరుత్థాన దినాన శరీరం సంపూర్ణంగా లేవాలి కదా, అవయవాలు ఇస్తే ఎలా అని మా సంఘంలో అంటున్నారు.
– రాజోలు

జవాబు: మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయం చదవండి. విత్తబడేది ప్రకృతి సంబంధమైన శరీరం, లేచేది ఆత్మ సంబంధమైనది అని పౌలు విడమర్చాడు. కథోలికులైతే, పోప్ రెండో జాన్ పాల్ 2000 ఆగస్టులో రోమ్‌లో అవయవ మార్పిడి వైద్యుల సభలోనే ఈ దానాన్ని మెచ్చుకున్నారు. ఇదే ప్రశ్న కాకినాడ నుంచి ఒక ముస్లిం సోదరుడు అడిగారు. అక్కడ మాత్రం పండితులు ఒక్క మాట మీద లేరు. జెడ్డాలోని ఫిఖ్ (ఇస్లాం ధర్మశాస్త్ర) అకాడమీ 1988లో షరతులతో ఒప్పుకుంది, మన దేశంలో వద్దనే ఉలమాలు ఉన్నారు. మీరు నమ్మే ముఫ్తీనే అడగడం మంచిది.

ప్రశ్న: అవయవదానం కార్డు ఉంది. కాకినాడ మెడికల్ కాలేజీకి దేహదానం కూడా రాసిచ్చాను. రెండూ కుదురుతాయా?
– రిటైర్డ్ మాస్టారు, రావులపాలెం

జవాబు: కళ్లూ దేహమూ కుదురుతాయి మాస్టారూ. గుండె, కిడ్నీలు తీసిన దేహాన్ని, పోస్టుమార్టం చేసిన దేహాన్ని అనాటమీ విభాగాలు సాధారణంగా తీసుకోవు. నాళాల్లోంచి మందు ఎక్కించి నిలవ చేయాలి, కోసిన దేహంలో ఆ మందు నిలవదు. అందుకని ఇంట్లోవాళ్లకి వరస చెప్పి ఉంచండి: ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అయితే అవయవాలు, ఇంట్లో పోతే కళ్లు, ఆ తర్వాత దేహం. దేహం లేకుండా కర్మ ఎలా అని మీ అబ్బాయి అడిగితే, శవం దొరకనివారికి మోదుగాకులతో, దర్భలతో ప్రతిమ చేసి దహించే విధి పూర్వం నుంచీ ఉందని చెప్పండి.

కార్డు జేబులో ఉన్నా, ఆధార్‌తో నోటో (అవయవ మార్పిడి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లో నమోదైనా, ఆ రోజు సంతకం పెట్టాల్సింది మీ వాళ్లే. ఒక్క కొడుకు వద్దన్నా డాక్టర్లు వెనక్కి తగ్గుతారు. కాబట్టి అమెరికాలో ఉన్న అబ్బాయికీ ఫోన్లో చెప్పండి. సందేహాలుంటే నోటో ఉచిత నంబరు 1800 11 4770. కాలేజీకి మాత్రం ఆదివారాలు, పండగ రోజుల్లో దేహం ఎవరు తీసుకుంటారో, బండి వాళ్లు పంపుతారా మీరు పెట్టుకోవాలా అన్నది ముందే అడిగి, ఆ నంబరు మీ కాగితం వెనకే రాసి పెట్టండి.