ఘాట్ ఎక్కించావు సరే, దింపేదెలా?

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ముంబై-పుణె దారిలో కర్జత్ దాటాక వచ్చే కొండ ఎక్కుడు బోర్ ఘాట్ మీద జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే తొలి కరెంటు ఇంజిన్లు - మంచి విషయమే ఎంచుకున్నావు. కానీ పేజీలన్నీ ఎక్కడానికే ఖర్చుపెట్టావు. ఘాట్‌లో అసలు గండం దిగేటప్పుడు.

ముందు లెక్క సరిచూడు. వాలు 37కి 1, అంటే 37 అడుగులు సాగితే ఒక అడుగు ఎత్తు. టన్నుకు 27 కిలోల లాగుడు వాలుకే పోతుంది, రాపిడికి ఇంకో నాలుగు వేసుకో. వెయ్యి టన్నుల గూడ్సు, 125 టన్నుల ఇంజిన్ కలిస్తే 35 టన్నుల బలం కావాలి. పట్టాల మీద చక్రాల పట్టు ఇంజిన్ బరువులో నాలుగో వంతు అనుకున్నా దక్కేది 31. ఇక చక్రాలు జారక ఏం చేస్తాయి? కాబట్టి '2,600 గుర్రాల బలం ముందు కొండ తలవంచింది' అన్న వాక్యం కొట్టేసి, వెనక నుంచి తోసే అదనపు ఇంజిన్‌ను, అదే బ్యాంకర్‌ను పెట్టు. ముంబై నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్ళు కర్జత్‌లో ఇవాళ్టికీ చూసేదే.

డ్రైవరు వేగం పెంచే హ్యాండిల్‌ను మధ్య నాచ్‌లో (మెట్టులో) ఉంచి అరగంట నింపాదిగా ఎక్కించాడన్నావు. కుదరదు. మోటార్లకు వెళ్ళే కరెంటును తగ్గించే రెసిస్టెన్సులు బయల్దేరడానికే. అవి పూర్తిగా తప్పుకున్న నాచ్‌ల మీదే బండి నడవాలి. మధ్యలో ఆపితే ఎర్రగా కాలి మాడిపోతాయి.

ఇక దిగుడు. ఇంజిన్‌తో కలిపి 725 టన్నుల బండి అనుకో. రాపిడి పోగా టన్నుకు 23 కిలోలు, మొత్తం దాదాపు 17 టన్నులు, కిందికి లాగుతూనే ఉంటాయి. అదంతా బ్రేకు దిమ్మల మీదే వేస్తే చక్రం చుట్టూ బిగించిన ఉక్కు టైరు వేడెక్కి సాగుతుంది, వదులై చక్రం మీద తిరిగిపోతుంది. అందుకే మోటార్లనే జనరేటర్లుగా తిప్పి, పుట్టిన కరెంటును తీగలోకి పంపేవారు. ఆ ఇంజిన్లలోది సీరీస్ మోటారు, అంటే అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డు చుట్టలోనూ తిరిగే భాగంలోనూ ఒకే కరెంటు పారేది; అది ఆ పని తనంతట తాను నిలకడగా చెయ్యదు. దాని ఫీల్డుకు విడిగా కరెంటివ్వాలి. ఆ కరెంటు వాడుకునే ఎక్కుడు బండి దగ్గర్లో లేక, సబ్‌స్టేషన్ కూడా వెనక్కి తీసుకోలేకపోతే తీగలో వోల్టేజి 1,500 దాటిపోతుంది, మోటార్ల బ్రేకు తెగిపోతుంది. ఆ క్షణాన డ్రైవరు చెయ్యి వాక్యూమ్ బ్రేకు మీద ఉండాలి. నీ వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టి చూడు.

ఇంకొకటి. 1930 నాటి డ్రైవరు నోట ఈ గూడ్సు ఇంజిన్‌కు తర్వాత వచ్చిన పేరు 'డబ్ల్యూసీజీ-1' అనిపించకు. అప్పుడది ఈఎఫ్/1.