అవ్వ వయసు రాసుకునే ముందు

చిరంజీవి రమ్యకు, పెరంబూరు నుంచి అత్త ఆశీస్సులు.

వచ్చే ఆదివారం బెంగళూరు నుంచి వచ్చి అవ్వ కథంతా ఫోనులో ఎక్కించుకుంటానన్నావు. సంతోషం. కానీ నువ్వు పంపిన నలభై ప్రశ్నల్లో మొదటిది "మీకెన్నేళ్లు?", రెండోది "రహస్యమేంటి?". రెండూ కొట్టెయ్. రహస్యం అడిగితే "చిత్రగుప్తుడు నా చిట్టా పారేసుకున్నాడు" అంటుంది, అక్కడితో సరి.

టీచరుగా 1981లోనూ 1991లోనూ జనాభా లెక్కలకు వీధులు తిరిగినదాన్ని. ముసలివాళ్లనడిగితే అరవై, డెబ్బై, ఎనభై అనేవాళ్లే తప్ప అరవై మూడు అన్నవాళ్లు అరుదు. మనవాళ్లేమో నూటెనిమిది అంటున్నారు. అది కొబ్బరికాయల లెక్క! అవ్వ మాత్రం రౌద్రి నామ సంవత్సరంలో పుట్టానంటుంది. రౌద్రి 1920 ఉగాదికి వచ్చింది, మళ్లీ 1980లోనే. అంటే నూట అయిదు, ఓ ఏడాది అటూ ఇటూగా.

దీనికి రెండో సాక్ష్యం కావాలి. అవ్వ పెద్దకొడుకు, మా పెద్దన్న స్కూలు సర్టిఫికెట్ మనవాళ్లు చూపిస్తారు, నమ్మకు. అందులో జూలై 1 అని ఉంది. అది అయ్యవారు వేసిన పుట్టినరోజు.

వయసు రుజువైనవాళ్లలో లోకంలో అందరికన్నా ఎక్కువ బతికిన ఫ్రాన్సులో ఆర్ల్ ఊరి జీన్ కాల్మెంట్ 1875 ఫిబ్రవరి 21న పుట్టి 1997 ఆగస్టు 4న పోయింది. 122 ఏళ్ల 164 రోజులు. తొంభయ్యేళ్లప్పుడు ఇల్లు ఒక లాయరుకి రాసిచ్చింది: బతికినన్నాళ్లూ నెలకు 2,500 ఫ్రాంకులు ఆమెకివ్వాలి, పోయాక ఇల్లు ఆయనది. పాపం, ఆయన ముప్పై ఏళ్లు కట్టి తనే ముందు పోయాడు. మిగతాది భార్య కట్టింది. ఈ ముక్క చెబితే అవ్వ దగ్గొచ్చేదాకా నవ్వింది. కాల్మెంట్ వయసు తేల్చడానికి పాత జనాభా లెక్కలు, రిజిస్టర్లు తిరగేయడమే కాక, చిన్నప్పటి పంతుళ్ల పేర్లు, ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లు కూడా అడిగి సరిచూశారు. అంత చేసినా, 1934లో పోయింది కూతురు కాదు తల్లేననీ, ఆపైన కూతురే తల్లి పేరుతో బతికిందనీ 2018లో అనుమానం లేవదీశారు. ముందు వయసు తేల్చినవాళ్లు కాగితాలు పట్టుకుని మళ్లీ జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

నువ్వూ అలాగే అడుగు. 1942 ఏప్రిల్లో జపానువాడు బాంబులేస్తాడని మద్రాసు జనం ఊళ్లకు పరుగెత్తారు. "నెల్లూరు రైల్లో నీ చంకలో ఎవరవ్వా?" అను. పెద్దన్న అప్పటికి బోర్లాపడుతున్నాడని ఒకసారి అంది. 1943లో కూవం పొంగినప్పుడు ఎక్కడున్నావు? 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు పోయిన రోజు పొయ్యి వెలిగించావా? ఏడాది దానంతటదే దొరుకుతుంది.

మా మేనమామను నోటుపుస్తకం పట్టుకుని తేదీల మీద తేదీలు అడిగాను. రెండో రోజుకే గోడవైపు తిరిగి పడుకున్నారు. నెల తిరక్కుండా పోయారు. నా దగ్గర తేదీలున్నాయి, ఆయన గొంతు లేదు.

పొద్దున కాఫీ తర్వాత అరగంట, అంతే. ఎడమ చెవి వైపు కూర్చో, కుడిది పనిచెయ్యదు. మీ నాన్నను పక్కన ఉండనివ్వకు, తనే జవాబులు చెప్పేస్తాడు.

అటక మీద అవ్వ పెళ్లి బిందె ఉంది. అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరూ, తేదీ ఉండాలి. నిన్న దించి చూశాను. కిలుం పట్టి "36" అనే రెండంకెలు తప్ప ఏమీ కనపడలేదు. ఆదివారానికి చింతపండు నానేసి ఉంచుతాను, తోముదువుగాని.

మీ అత్త