కేవైసీ అంటూ ఫోన్ వస్తే ముందు పెట్టేయమనండి

"కేవైసీ చేయకపోతే ఈ రోజే అకౌంట్ బ్లాక్ అవుతుంది" అని మీ నాన్నగారికి ఫోన్లు వస్తున్నాయని, ఏం జాగ్రత్త తీసుకోవాలని అడిగారు. కిందటేడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మకు ఇదే జరిగింది, అందుకే రాస్తున్నాను.

అప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అవతలివాడు చక్కటి తెలుగులో, "అమ్మా, లైన్‌లోనే ఉండండి, కట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడట. అమ్మ పొయ్యి కట్టేసి, కళ్లజోడు వెతుక్కుని, వాడు వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) నొక్కింది. దాని మీద బ్యాంకు బొమ్మ ఉంది. కిటికీ దగ్గర వెలుతురులో కార్డు పట్టుకుని అందులో ఒక్కో అంకే నింపింది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఆవిడకు తెలుసు, చెప్పలేదు కూడా. కానీ మెసేజ్‌లు చదివే పర్మిషన్ ఆ యాప్‌కు ఇచ్చేశాక ఇక చెప్పేదేముంది? రెండు విడతల్లో 48,600 రూపాయలు పోయాయి.

మొదటిసారి డబ్బు పోయిందని తెలిసినా, మేం ఏమంటామోనని అరగంట మాతో చెప్పలేదు. రెండోది పోయింది ఆ అరగంటలోనే. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అందుకే మీ నాన్నగారికి ఈ రోజే చెప్పండి, "ఏం జరిగినా మేం ఏమీ అనం, వెంటనే మాకు చెప్పండి" అని. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

మేం మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, తర్వాత బ్యాంకుకు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది, చివరి చేతికి అందేలోపు ఎక్కడో ఒకచోట ఆపించాలి. మాకు 30,000 ఆగింది, కొన్ని నెలలకు లోక్ అదాలత్ ఉత్తర్వుతో వచ్చింది. మిగిలింది పోయినట్టే. 2017 నాటి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మన పొరపాటు వల్ల పోతే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మనదే. ఆ తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. ఆలస్యం చేయొద్దనేది అందుకే కూడా.

నిజంగా బ్యాంకు వాళ్లేమో అన్న అనుమానం ఉంటే, ఫోన్ పెట్టేసి కార్డు వెనక ఉన్న నంబరుకు మనమే చేయాలి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు మాత్రం వద్దు, అక్కడా దొంగ నంబర్లుంటాయి. స్టార్ 401తో మొదలయ్యే నంబరు ఏదైనా నొక్కమంటే అది మన కాల్స్ వాడికి మళ్లించడానికే. పొరపాటున నొక్కి ఉంటే ##002# నొక్కితే ఆ మళ్లింపులన్నీ పోతాయి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని కూడా చెప్పండి.

మేం ఇప్పుడు అమ్మ పెన్షన్ పడే ఖాతాకు యూపీఐ తీసేశాం, ఆ కార్డుకు ఆన్‌లైన్ వాడకం ఆపేశాం. కూరగాయలకు, మందులకు వేరే ఖాతా ఉంది. అందులో ఐదారు వేలకు మించి ఉంచం.