టీ తాగొచ్చేసరికి స్టాక్ లెక్క మాయం!

ప్రశ్న: మేడ్చల్ దగ్గర ఒక మందుల గోడౌన్‌లో స్టోర్ ఇన్‌చార్జిని. చేతి స్కానర్లతో స్టాక్ లెక్కిస్తాం. పాత విండోస్ మెషిన్ పవర్ బటన్ నొక్కి పక్కన పెట్టినా, తిరిగి నొక్కితే ఆపిన చోటే ఉండేది. ఇప్పుడు ఆండ్రాయిడ్‌వి ఇచ్చారు. టీకి వెళ్ళొస్తే ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కినా లైటు రాదు, ఒక్కోసారి లెక్క మళ్ళీ సున్నా. ప్రోగ్రాము ఇచ్చినాయన బ్యాటరీ మార్చమంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: బ్యాటరీ జోలికి పోకండమ్మా. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెండూ ప్రోగ్రాములోనే ఉన్నాయని నా అనుమానం.

పాత విండోస్ సీఈ మెషిన్ నిద్రపోతే మొత్తంగా నిద్రపోయేది. వైఫై తెగినా, ప్రోగ్రాము మెమరీలో అలాగే ఉండేది. ఆండ్రాయిడ్ అలా కాదు. తెర ఆరినా, వాట్సాప్ తెరిచినా మీ ప్రోగ్రాముకు ‘ఆన్‌పాజ్’ అని కబురు వెళ్తుంది, తిరిగి ముందుకొస్తే ‘ఆన్‌రెజ్యూమ్’. వెనక ఉన్నప్పుడు మెమరీ చాలకపోతే సిస్టమ్ చెప్పాపెట్టకుండా దాన్ని తీసేస్తుంది కూడా.

ముందు లైటు సంగతి. మెషిన్‌లో స్కానర్ ఒక్కటే, వాడుకునే ప్రోగ్రాములు చాలా. అందుకే ఆన్‌పాజ్‌లో దాన్ని వదిలేసి, ఆన్‌రెజ్యూమ్‌లో మళ్ళీ అడిగి తీసుకోవాలి. ఇలాంటి మెషిన్లు చేసే హనీవెల్ కంపెనీ వాళ్ళు ప్రోగ్రామర్లకిచ్చే కిట్‌లో క్లెయిమ్ (తీసుకో), రిలీజ్ (వదిలేయ్) అనే ఆదేశాలు ఉన్నది ఇందుకే. మీ మెషిన్ జీబ్రా కంపెనీది అయితే ఇంకోటి చూడాలి. ప్రోగ్రాము ఈఎండీకే (జీబ్రా వాళ్ళు ప్రోగ్రామర్లకిచ్చే కిట్) ద్వారా స్కానర్ తీసుకుంటుంటే, ఆ ప్రోగ్రాము వరకు డేటావెడ్జ్‌ని (మెషిన్‌తోపాటే వచ్చే జీబ్రా వాళ్ళ స్కానింగ్ ప్రోగ్రాము) ఆపి ఉంచాలి. లేకపోతే రెండూ స్కానర్ కోసం కొట్టుకుంటాయి.

లెక్క పోవడం మాత్రం క్షమించరాని తప్పు. కౌంటింగంతా మెమరీలో ఉంచుకుని చివర్లో ‘సేవ్’ నొక్కమనే ప్రోగ్రాము గోడౌన్‌కు పనికిరాదు. బీప్ రాగానే ఆ పెట్టె మెషిన్‌లోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో (ప్రోగ్రాము మూసినా చెరగని పద్దులో) పడిపోవాలి. ప్రతి స్కాన్‌కూ విడి నంబరు ఉండాలి. అలా ఉంటే నెట్ తెగి అదే స్కాన్ సర్వర్‌కు మళ్ళీ వెళ్ళినా ఒక కార్టన్ రెండుగా లెక్కకు రాదు. ఇదేమీ గొప్ప విద్య కాదు, బద్ధకం లేకుంటే చాలు.

అది సరయ్యేదాకా ర్యాక్ పూర్తయినప్పుడల్లా సేవ్ నొక్కించండి. స్క్రీన్ టైమ్‌అవుట్ పెంచితే కొంత మేలు. కుర్రాళ్ళ చేత ఆ మెషిన్‌లో వాట్సాప్ తీయించేయండి, వాళ్ళు తిట్టుకున్నా సరే.

కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిపించి, ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ ఆన్ చేయించండి. అప్పుడు ప్రోగ్రాము నుంచి పక్కకెళ్ళగానే సిస్టమ్ ఆ తెరను చెరిపేస్తుంది. పది పెట్టెలు స్కాన్ చేసి, హోమ్ బటన్ నొక్కి, వెనక్కి రండి. పదీ ఉండాలి, ట్రిగ్గర్ నొక్కగానే లైటు రావాలి. ఆ తర్వాత ప్రోగ్రామును పూర్తిగా మూసి తెరిచి ఇంకోసారి చూడండి. ఇదంతా మీ ఎదుటే జరిగాకే బిల్లు పాస్ చేయండి. పరీక్ష అయ్యాక ఆ ఆప్షన్ ఆఫ్ చేయించడం మరవకండి, లేదంటే మిగతా యాప్‌లకూ అదే గతి.