కథ అవగానే పెన్సిల్ ఇవ్వకు

అమ్మాయీ,

చలికాలం కథలు చెప్పి పిల్లలచేత చిన్న కవితలు రాయించాలని ఉందన్నావు. చాలా సంతోషం. చిన్న తరగతులకు ఏళ్ళ తరబడి చెప్పాను కాబట్టి, నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

కథ అవగానే "చలికాలం మీద కవిత రాయండి" అనకు. అందరూ ఒకటే రాస్తారు: మంచు తెల్లగా ఉంది, చలిగా ఉంది. కథలో ఒక్కచోట ఆగి, పిల్లల్ని అక్కడే కాసేపు ఉంచు. ఉక్రెయిన్ జానపద కథ ఒకటుంది. ముసలాయన ఊలు చేతితొడుగు అడవిలో మంచుమీద జారిపోతుంది. ఎలుక దూరుతుంది, ఆ తర్వాత కప్ప, కుందేలు, నక్క, తోడేలు, అడవిపంది, చివరికి ఎలుగుబంటి! ఎలుగు దూరుతుండగా కథ ఆపి, "లోపల ఎలుకకి ఎలా ఉంది?" అని అడిగాను. ఆరేళ్ళ పాప చెప్పింది:

ముందు చలేసింది.
తర్వాత వెచ్చగా ఉంది.
ఇప్పుడు నా తోక ఎక్కడుందో తెలీదు.

ఒక్క అక్షరం మార్చకుండా బోర్డు మీద రాశాను. రాయడం ఇంకా సరిగా రాని పిల్లలకు నువ్వే రాసిపెట్టు. వాళ్ళు ఊపిరి తీసుకున్నచోట పాదం విరువు, తర్వాత పైకి చదివి వినిపించు. తమ మాట అలా వినగానే వాళ్ళ మొహాలు చూడాలి నువ్వు.

ప్రాస కోసం పట్టుబట్టకు. "చలి" అనగానే కథలో లేని "పులి" వచ్చేస్తుంది, పాపం ఎలుక బయటికి పోతుంది. హైకూ, అంటే మూడు పాదాల జపాను చిన్న కవిత, దాని 5-7-5 అక్షరాల లెక్క పిల్లలకి ఎనిమిదేళ్ళు దాటాక చూద్దువుగాని. అప్పుడైనా లెక్క కోసం మంచి మాట పోతుంటే, లెక్కనే వదిలెయ్.

మంచు ఎప్పుడూ చూడని పిల్లలుంటే టెన్షన్ పడకు. అరచేతిలో చిన్న ఐసుముక్క పెట్టి, "చల్లగా" అనే మాట వాడకుండా చెప్పమను. "కొరుకుతోంది" అన్నాడొకడు, "చెయ్యి నిద్రపోయింది" అంది ఇంకో పిల్ల. కాస్త పెద్ద పిల్లలకి, మంచురేకుల ఫొటోలు తీసిన అమెరికా ఆయన విల్సన్ బెంట్లీ గురించి చెప్పు. మంచురేకుల్ని చూస్తూ బొమ్మ గీద్దామంటే, గీసేలోపే కరిగిపోయేవట. చివరికి 1885లో మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి ఫొటో తీశాడు. ఇది విన్న పిల్లలు మంచురేకుతోనే మాట్లాడతారు: "ఆగు, ఇంకో కొమ్మ గీయాలి!"

ఒక తప్పు మాత్రం నువ్వు చేయకు. "మంచు కాళ్ళకింద అరుస్తోంది" అని ఒక బాబు రాస్తే, మంచు అరవదురా అని ఎర్ర సిరాతో దిద్దాను. బాగా చలిగా ఉన్నప్పుడు మంచుమీద అడుగేస్తే నిజంగానే కిర్రుమంటుందని నాకు తర్వాత తెలిసింది. ఆ ఏడాదంతా వాడు మళ్ళీ ఒక్క పాదం రాయలేదు. అక్షరదోషాలు ఉంటే, వాటిని మరోరోజు, వేరే కాగితం మీద చూసుకో.

నీ పిల్లలు చెప్పినవి, వాళ్ళ మాటల్లోనే, నాకు రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ