ఫెడరల్ జైల్లో ఉన్న తమ్ముడి శిక్షను ఇప్పుడు సవాలు చేయవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్‌లో హెచ్1బీ మీద పనిచేసేవాడు. వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటివి వాడి చేసే మోసం) కేసులో లాయరు మాట విని నేరం ఒప్పుకున్నాడు. పోయిన సెప్టెంబర్ 10న ఐదేళ్ల శిక్ష పడింది. అప్పీలు వేయమని ఆ రోజే చెప్పినా లాయరు వేయలేదట. ఈ సంగతి మాకు మొన్ననే తెలిసింది. ఇక్కడి హైకోర్టులో రిట్ వేయవచ్చా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. (ఖమ్మం నుంచి ఒక అక్క)

జవాబు: అమ్మా, తెలంగాణ హైకోర్టుకు ఆ శిక్ష మీద అధికారం లేదు. దాని కోసం ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టకండి. హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ వాళ్లు జైలుకు వెళ్లి అతణ్ణి చూడగలరు, లాయర్ల పేర్లు ఇవ్వగలరు. తీర్పును మాత్రం వాళ్లు కదపలేరు.

దారి ఒకటుంది. అమెరికా చట్టంలో 28వ టైటిల్, 2255 సెక్షన్ కింద ఖైదీ తనకు శిక్ష వేసిన కోర్టులోనే మోషన్ (శిక్షను సవాలు చేసే అర్జీ) వేసుకోవచ్చు. దీనికి కోర్టు ఫీజు లేదు. సాధారణంగా అదే జడ్జి ముందుకు వస్తుంది. గడువు మాత్రం ఒక్క ఏడాదే. అప్పీలు వేయనివాళ్లకు ఆ ఏడాది శిక్ష పడిన రోజు నుంచి కాదు, అప్పీలుకిచ్చిన 14 రోజులు ముగిసినప్పటి నుంచి మొదలవుతుంది. తీర్పు సెప్టెంబర్ 10నే రికార్డులో నమోదై ఉంటే ఈ సెప్టెంబర్ 24 ఆఖరు. చివరి రోజు దాకా ఆగకండి. గడువు దాటాక కోర్టు మన్నించడం చాలా అరుదు.

మీ తమ్ముడి చేతిలో ఉన్న గట్టి పాయింటు అప్పీలే. వేయమని స్పష్టంగా చెప్పినా వేయకపోతే అది లాయరు లోపమేనని అమెరికా సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. అప్పీలు హక్కు వదులుకుంటానని నేరం ఒప్పుకునే ఒప్పందంలో సంతకం చేసినా ఇదే వర్తిస్తుందని 2019లో గార్జా కేసులో తేల్చింది. అప్పీలు గెలిచేదని అతను చూపించక్కర్లేదు. కానీ ఇందులో నెగ్గితే వచ్చేది విడుదల కాదు, పోయిన అప్పీలు అవకాశం తిరిగి రావడం. ఇది ముందే తెలుసుకోండి, తర్వాత గుండె పగలకుండా ఉంటుంది.

రెండోది దేశ బహిష్కరణ సంగతి. నేరం ఒప్పుకుంటే పంపేస్తారన్నది చట్టంలో స్పష్టంగా ఉన్నప్పుడు, ఆ మాట లాయరు క్లయింటుకు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసు తీర్పు. 2017లో జే లీ అనే కొరియన్ దీనిమీదే గెలిచాడు. అతను లాయరును పదేపదే అదే అడిగాడు, బహిష్కరణ మీ నిర్ణయాన్ని మారుస్తుందా అని జడ్జి అడిగితే అవునన్నాడు. ఆనాటి ఈ ఆధారాలే అతణ్ణి నిలబెట్టాయి. మీ తమ్ముడు కూడా అలా అడిగిన ఈమెయిల్, మెసేజ్ ఏదైనా ఉందేమో వెతకండి. అయితే ఒప్పుకోలు రద్దయితే ప్రభుత్వం వదిలేసిన ఆరోపణలు కూడా తిరిగి రావచ్చు. ఐదేళ్లు పోయి అంతకన్నా ఎక్కువ పడే ప్రమాదం ఉంది. లాయరుతో ఇది తేల్చుకున్నాకే ఆ రెండో పాయింటు ఎత్తాలి.

తొందరపడి సగం సగం రాసి పంపకండి. రెండోసారి వేయాలంటే పైకోర్టు అనుమతి కావాలి, అది దాదాపు దొరకదు. చెప్పాల్సిందంతా మొదటి మోషన్‌లోనే ఉండాలి. ఉచిత లాయరు హక్కుగా రాడు, కానీ కోర్టును అడగవచ్చు. మోషన్‌లోని విషయాలు నిజమని అతను ప్రమాణపూర్వకంగా సంతకం పెట్టాలి. జైలు లీగల్ మెయిల్‌లో గడువులోపు ఇస్తే చాలు, కోర్టుకు తర్వాత చేరినా చెల్లుతుంది. ఇచ్చిన తేదీకి రుజువు ఉంచుకోమనండి.

ఇంకొక్క మాట. జైలు ఫోన్లు రికార్డవుతాయి. అతను ఫోన్ చేసినప్పుడు ఇంటి కబుర్లు, ఆరోగ్యం మాట్లాడండి. కేసు వివరాలు మాత్రం లాయరుకే చెప్పమనండి.