నల్లాలో గాలి చప్పుడు

యూసుఫ్‌గూడ, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

మన టీవీ సీరియల్‌కు నువ్వు రాసి పంపిన నలభై ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చదివాను. మాటలు బాగున్నాయి. పెద్దకోడలు పాత్రకు ప్రాణం ఉంది. కానీ ఆమె తన గురించి తాను ఆలోచించుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ అద్దం ముందు నిలబెట్టావు. లెక్కపెట్టాను, పదకొండు సార్లు. పైగా వెనక నుంచి ఆమె గొంతే ‘నేను ఎవరి కోసం బతుకుతున్నాను?’ అంటూ వినిపిస్తుంది. అద్దం పగిలే సీను కూడా ఉంది. దాన్ని మాత్రం వెంటనే తీసేయి.

మన సీరియల్‌ను ఇళ్లలో ఎలా చూస్తారో ఒకసారి గుర్తు చేసుకో. హాల్లో టీవీ నడుస్తూ ఉంటుంది. చూడాల్సిన మనిషి వంటింట్లో పోపు వేస్తూ ఉంటుంది. కథ సగం ఆమె చెవికే చేరుతుంది. నీ అద్దం ఆమెకు కనబడనే కనబడదు. అందుకే మన రచనలో ప్రతీకకు రూపం ఉంటే చాలదు, చప్పుడూ ఉండాలి.

కొన్నేళ్ల కిందట నేను రాసిన ఒక సీరియల్ కథలో, నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో ఒక తల్లి ఉండేది. నీళ్లు వచ్చే ముందు నల్లా గాలి కక్కుతుంది. మొదట ఒక బుస, తర్వాత గొంతు సవరించుకున్నట్టు రెండు మూడు చప్పుళ్లు, ఆ తర్వాత తుప్పు రంగు ధార. ఆ బుస వినగానే ఆమె తింటున్న కంచం ముందు నుంచైనా లేచి పరుగెత్తేది. బిందెలు, డ్రమ్ము, చివరకు చెంబులు కూడా నింపేది. మొదటి నెలంతా ఇంతే. దానికి ఏ అర్థమూ అంటగట్టలేదు. అది ఆ ఇంటి పని, అంతే.

ఏడు నెలలు గడిచాక ఒక రాత్రి కొడుకు ‘ఈ ఇంటికి నువ్వేం చేశావు?’ అని అడిగి వెళ్లిపోతాడు. నల్లా బుసకొడుతుంది. ఆమె లేవదు. బకెట్ నిండి పొంగుతుంది. నీళ్లు గచ్చు మీదుగా పారి ఆమె పాదాల దాకా వస్తాయి. ఆమె పాదాలు వెనక్కి తీసుకోదు. నీళ్లు వృథాగా పోతున్న చప్పుడు వింటే ఈ ఊళ్లో ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? వంటింట్లో పోపు వేస్తున్న మన ప్రేక్షకురాలు గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి వస్తుంది. అప్పుడు ఆ తల్లి ముఖం చూస్తుంది.

ప్రసారానికి ముందు ఆ సీనుకు మనసులో మాట కలపమన్నారు. ఎదురు చెప్పలేక రెండు వాక్యాలు రాసిచ్చాను. అవి ఇప్పటికీ నన్ను బాధిస్తాయి. నీళ్లు చెప్పేసిన దాన్ని ఆమె చేత మళ్లీ చెప్పించి, చూసేవాళ్లు తమంతట తాము అందుకోవాల్సిన దాన్ని లాగేసుకున్నాను.

పాత్ర నోరు విప్పకూడదని కాదు. అమెరికాలో 1999 నుంచి 2007 దాకా వచ్చిన ‘ది సోప్రానోస్’ తొలి ఎపిసోడ్ చూడు. ఒక నేరగాళ్ల ముఠా నాయకుడి ఇంటి ఈతకొలనులో అడవి బాతులు పిల్లల్ని చేస్తాయి. అవి ఎగిరిపోయిన రోజు అతను కుప్పకూలుతాడు. మానసిక వైద్యురాలి ముందు ఎంతో బెట్టు చేశాక, ఆ బాతుల గురించి చెబుతూ చెబుతూ ఏడుస్తాడు. కుటుంబం దూరమవుతుందన్నదే తన భయమని అప్పుడు అతనికే తెలుస్తుంది. ఎదుట ఒక మనిషి ఉంది, ఆ మనిషి ప్రశ్న అడిగింది. మాట అక్కడ పుట్టింది. అంతకుముందు అవి అతను మురిసిపోయి మేత వేసిన మామూలు బాతులే.

ఆ సీరియల్ మొత్తం 86 ఎపిసోడ్లు. వారానికి ఆరు చొప్పున మనం పదిహేను వారాల్లోపే ఆ సంఖ్య దాటేస్తాం. కాబట్టి నువ్వు ఎంచుకున్న వస్తువు వందలసార్లు కనబడినా విసుగు పుట్టించకూడదు. రోజూ చేతిలో ఆడే వస్తువైతేనే అది సాధ్యం. ఇంకొకటి, నటి మధ్యలో మారిపోవచ్చు. ‘ఇకపై ఈ పాత్రలో’ అని పేరు వేసిన రోజున కొత్త ముఖాన్ని ఆ ఇంటి మనిషిగా నమ్మించడానికి మనకు మిగిలేది ఆ అలవాటే. నల్లా బుసకొట్టగానే ఆమె లేచిందా, ఆమే.

అలాంటి చోట్ల స్క్రిప్టులో ‘ఇక్కడ సంగీతం వద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయి. రాయకపోతే వీణో వయొలినో వచ్చి నీ చప్పుడును మింగేస్తుంది.

నీ పన్నెండో ఎపిసోడ్‌లో అత్తగారి పాత కుట్టుమిషను ఒకసారి కనిపించి మాయమైంది. దాన్ని ఎందుకు వదిలేశావు? పెద్దకోడలు దాని మీద ఎవరి బట్టలు కుడుతుంది? దారం తెగితే తిట్టుకుంటుందా, ఊరుకుంటుందా? తన జాకెట్టు తాను కుట్టుకున్నది ఎప్పుడు? ఇవి తేల్చుకుని, ఆ పదకొండు సీన్లూ మళ్లీ రాసి, వచ్చే ఆదివారం ఇంటికి తీసుకురా. మా ఇంట్లోనూ ఒక పాత మిషను ఉంది. కాసేపు తొక్కి చూద్దువుగాని.